తొంభై తొమ్మిది కాదు, డెబ్బై

"ఆ ఒక్క ముక్క ఎందుకు రాసినవ్? రాయమని నిన్నెవరు అడిగిన్రు?"

"ఏ ముక్కరా?"

"ఏ ముక్కనా. లెక్క కింద రాసినవ్ గదా, పుస్తకంల జవాబు తప్పని. ఆ ముక్క."

సూర్యాపేటలో వాళ్ల ఇల్లు. 1949 డిసెంబరు, శనివారం మధ్యాహ్నం. హైదరాబాదు కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి ఏడు చదువుతున్న జగదీశ్ బస్సు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా వెనక గదిలోకి వచ్చాడు. వాడికంటే ఏడాదిన్నర పెద్దదైన అరుంధతి అక్కడ చేటలో కందులు చెరుగుతోంది.

"తప్పున్నది గనక తప్పని రాసిన."

"నిన్ను లెక్క చెయ్యమన్న. పుస్తకాన్ని దిద్దమన్ననా?"

"తొంభై తొమ్మిది అని అచ్చేసిన్రు. డెబ్బై రావాలె. మూడుసార్లు చేసిన, మూడుసార్లూ డెబ్బైయే వచ్చింది. తొంభై తొమ్మిది వచ్చేదాక చెయ్యమంటవా?"

"చేస్తే ఏం పోయింది? క్లాసుల ఎనభై మందిమి. అందరూ తొంభై తొమ్మిదే రాసిన్రు. నా ఒక్కని కాయితం మీదనే డెబ్బై."

"నేను పంపిన కాయితం సూడకుండనే నీ దాంట్లకు దింపినవా?"

"నేనెప్పుడు సూసిన గనక? నువ్వు పంపిస్తవ్, నేను దింపుత."

"ఉన్నదున్నట్టు?"

"ఉన్నదున్నట్టే. ఆ ముక్కతోటి సహా."

"అయితే నా మీద ఎందుకు ఎగురుతున్నవ్? దింపింది నీ చెయ్యే గదా."

"ఎగురుతలేను."

"ఎగురుతున్నవ్. చేట మీదికెల్లి కాలు తియ్యి. ఏమైందో మొదటికెల్లి చెప్పు."

"ఏమున్నది చెప్పటానికి. గురువారం లెక్చరర్ కాయితాలు దిద్ది తెచ్చిండు. అన్నీ బల్ల మీద పెట్టి నాది ఒక్కటి చేతుల పట్టుకున్నడు. జగదీశ్ రెడ్డి ఎవరు, లేవు అన్నడు. లేచిన. పదకొండేండ్ల నుంచి ఈ లెక్కను తప్పు చెప్తున్న, నాకు ఇయ్యాల ఈ పిల్లగాడు నేర్పిండు అన్నడు."

"గట్లన్నడా?"

"నవ్వకు."

"నవ్వుతలేను. నిజంగ అన్నడా? పదకొండేండ్లని?"

"నా పరువు బజార్ల పడ్డదంటే నువ్వు పదకొండేండ్లు లెక్కపెట్టుకుంటున్నవా అక్కా?"

"సరే, తర్వాత?"

"బోర్డు కాడికి రా, ఎట్ల చేసినవో అందరికీ చెప్పు అన్నడు. సుద్దముక్క చేతుల పెట్టిండు."

"చెప్పినవా?"

"రెండు గుండ్రాలు గీసిన."

"దారాలు?"

"దారాలు గూడ గీసిన."

"తర్వాత?"

"తర్వాత నిలబడ్డ."

"ఎంతసేపు?"

"గంట కొట్టేదాక."

"అంతసేపు ఆయనేం అనలేదా?"

"ఏం అనలె. నా దిక్కే సూసుకుంట నిలబడ్డడు. తిట్టినా బాగుండు."

"ఇగ ఇప్పుడేమంటడు?"

"సోమవారం పది గంటలకు కాలేజీల ఆయన కూసునే అర్రకు పోవాలె. గిట్లాంటివే మూడు లెక్కలు ఆయన ముంగట చెయ్యాలె. చెయ్యకుంటే పేరు తీసేస్తడు. అందుకే వచ్చిన. రేపు పొద్దుగూకెదాక టైమున్నది. నేర్పు."

"నేర్పను."

"ఏంది?"

"నేర్పనంటున్న. జూన్ నుంచి వారం వారం కవరు పంపిస్తవ్. ఆరు నెలలాయె. ఒక్కసారన్న, అక్కా, ఇది ఎట్ల చేసినవ్ అని అడిగినవా? చెయ్యి, జల్ది పంపు. గింతే గదా నువ్వు రాసేది."

"నీకేం పరేషాన్ అయిందని? ఇంట్లనే ఉంటివి గదా."

"మళ్లోసారి అను."

"ఏం అనలె."

"అన్నవ్. ఇంట్లనే ఉంటివి అన్నవ్. ఎవరు ఉంచిన్రు నన్ను ఇంట్ల? రజాకార్ల గడబిడల నువ్వు పట్నంల మామ ఇంట్ల చల్లగ ఉంటివి. మేము బండి కట్టుకొని కోదాడ దాటి, అవతల జగ్గయ్యపేటల తలదాచుకుంటిమి. ఒక్క అర్రల పదకొండు మందిమి. గాడనే బడికి పోయిన. టీచరమ్మ పుస్తకాలు ఇస్తే గోడకానుకొని చదివిన. ఫస్టు క్లాసుల పాసైన. తిరిగొచ్చినంక నాయన ఏమన్నడు?"

"నాకు గుర్తు లేదు."

"గుర్తున్నది. నువ్వు పక్కపొంటి కూసోని తింటున్నవ్. ఆడపిల్లకు గింత చదువు చాలు, పట్నం పిల్లగాడు పోతడు అన్నడు. నువ్వు పళ్లెంలకెల్లి తలకాయ ఎత్తలె."

"అప్పుడు నేనేం అనాలె?"

"ఏదన్న. ఒక్క మాట."

"నా మాట ఇంటడా ఆయన?"

"ఇనకపోతుండె. కానీ అన్నవని నాకు తెలుస్తుండె."

"ఏందే ఆ లొల్లి? వాడు తిన్నడా లేదా?" వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఆకలి లేదంటున్నడమ్మా."

"నేనెప్పుడన్న?"

"ఇప్పుడంటవ్. కూసో. కూసోమన్ననా లేదా. గోడ మొలకు తగిలించిన కందిలి దీపం తే."

"పట్టపగలు కందిలి ఎందుకు?"

"దాని గ్లాసు కావాలె. జాగ్రత్త, పగలగొడ్తవ్. ఆ కిటికీ పై మొలకు సూడు, ఏమున్నది?"

"రెండు దారాలు. చివర్లకు తెల్లగ ఏవో ఉండలు."

"బెండు ఉండలు. పెండ్లి బాసికాలు చేసినప్పుడు మిగిలిన బెండు. పట్టుదారం కట్టిన. నీ లెక్క వచ్చిన దినం కట్టిన."

"నువ్వు నిజంగ కట్టి సూసినవా?"

"మరి ఊకెనే పుస్తకం తప్పు అంటననుకున్నవా? అచ్చేసినోళ్లను తప్పనాలంటే నాకు భయం ఉండదా? పట్టుగుడ్డతోటి గ్లాసును రుద్దు. గట్టిగ రుద్దు, అన్నం తిన్నట్టు రుద్దు."

"తిననియ్యలె గదా."

"ఇప్పుడు రెండు ఉండలకూ ముట్టియ్యి. మళ్ల రుద్ది మళ్ల ముట్టియ్యి. ఏమైంది?"

"ఎడమైనయి. అరె, ఒకదాన్ని ఒకటి తోస్తున్నయి."

"నీ చెయ్యి తీసెయ్యి, నీ దిక్కు వస్తయి. గుడ్డ రాసిన గ్లాసు మీది విద్యుత్తు వాటికి ఎక్కింది. రెంటికీ ఒకటే తీరుది. మా టీచరమ్మ దాన్ని ఆవేశం అనేది."

"ఆవేశం అంటే కోపం గదా."

"మన ఇంట్ల గంతే. లెక్క చదువు."

"నువ్వే చెప్పు, నీకు నోటికొచ్చు గదా."

"రెండు బెండు ఉండలు. ఒక్కోటి నూటఇరవై మిల్లీగ్రాములు. పదమూడు సెంటీమీటర్ల దారాలతోటి ఒక్క మొలకే వేలాడుతున్నయి. రెంటికీ సమానంగ ఆవేశం ఎక్కిస్తే పది సెంటీమీటర్లు ఎడంగ నిలబడ్డయి. ఎంత ఎక్కింది? ఇదీ లెక్క. ఇప్పుడు ఈ కుడిపక్క ఉండనే సూడు. దాన్ని ఎన్ని బలాలు పట్టుకున్నయి?"

"రెండు. దాని బరువు, అవతలి ఉండ తోపుడు."

"సక్కగ సూడు."

"రెండే."

"దారం లేదా?"

"దారం ఊకె పట్టుకుంటది. అదేం చేస్తది?"

"ఊకె పట్టుకుంటదా. కత్తెర అందుకో. కోస్తే ఏమైతది?"

"కింద పడతది."

"సక్కగ కిందికేనా?"

"లేదు. పక్కకు గూడ పోతది. ఏటవాలుగ."

"అంటే దారం ఉన్నప్పుడు ఎందుకు పోతలేదు? కిందికి పడకుండ ఎవరు పైకి గుంజుతున్నరు? పక్కకు పోకుండ ఎవరు లోపలికి గుంజుతున్నరు?"

"దారమే."

"దారమే. ఒక్క దారం రెండు పనులు చేస్తున్నది. ఎవనికీ కనబడది. ఊకె పట్టుకుంటది అంటరు."

"నువ్వు లెక్క చెప్తున్నవా, నన్ను తిడుతున్నవా?"

"రెండూ. గీయి. మొల కాడికెల్లి సక్కగ కిందికి ఒక గీత. ఆ గీత కాడికెల్లి ఉండ ఎంత జరిగింది?"

"పది."

"రెండు ఉండల నడుమ పది. ఇది ఒక్కటి ఎంత జరిగింది?"

"అయిదు. ఓ, గిదా. పుస్తకమాయన గీడ పది వేసుకున్నడు."

"ఎత్తుకు అయిదే వేసి, తోపుడు కాడ మాత్రం పది వేసుకున్నడు, తొంభై తొమ్మిది తెచ్చుకున్నడు. పదకొండేండ్లు మీ లెక్చరర్ దాన్నే చెప్పిండు. దారం పదమూడు, పక్కకు అయిదు. మరి ఎత్తు?"

"పదమూడు పదమూళ్లు నూట అరవై తొమ్మిది. అయిదైదులు ఇరవై అయిదు తీసేస్తే నూట నలభై నాలుగు. పన్నెండు."

"ఆ పన్నెండు ఎవరిది?"

"అంటే?"

"నిలువు గీత పన్నెండు, అడ్డం గీత అయిదు. ఏ బలం నిలువుగ ఉన్నది?"

"బరువు. బరువు పన్నెండు భాగాలైతే తోపుడు అయిదు భాగాలు. అంతేనా?"

"నన్ను అడుగకు. బరువెంత?"

"నూటఇరవై మిల్లీగ్రాములను తొమ్మిది వందల ఎనభైతోటి... నూట పదిహేడు డైన్లు, ఇంకో ఆరు పదో వంతులు. పన్నెండుతోటి భాగిస్తే తొమ్మిదిన్నర మీద, కాదు, తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఇంటూ అయిదు. నలభై తొమ్మిది."

"నలభై తొమ్మిది డైన్ల తోపుడు. ఇప్పుడు తోపుడులకెల్లి ఆవేశం తియ్యి. నడుమ దూరం ఎంత?"

"అయిదు."

"కందిలి గ్లాసు నీ నెత్తిన పగలగొడ్త."

"ఇప్పుడే గదా అయిదు అన్నవ్."

"ఉండ ఎంత జరిగిందంటే అయిదు. దాన్ని తోసేది ఎవరు? ఆ నిలువు గీతనా?"

"అవతలి ఉండ."

"అది ఎంత దూరంల ఉన్నది?"

"పది. అయితే గీడ పదే. పది పదులు వంద. తోపుడును వందతోటి గుణిస్తే నలభై తొమ్మిది వందలు. దాని వర్గమూలం... డెబ్బై."

"ఎంత?"

"డెబ్బై. అక్కా, డెబ్బై వచ్చింది."

"ఎందుకు రాదు. ఇంకోటి ఇస్త. పుస్తకంల లేనిది. ఒక్కటే ఉండ వేలాడుతున్నది. దారం పది సెంటీమీటర్లు. ఇంకో ఉండను కర్రకు గుచ్చి, అదే ఎత్తుల పక్కన నిలబెట్టిన్రు, అది కదలది. వేలాడేది ఆరు సెంటీమీటర్లు జరిగింది. బరువు ఎనభై డైన్లు. తోపుడెంత?"

"మాట్లాడకు జర."

"మాట్లాడతలేను."

"అరవై."

"సగం తీసుకోలేదేం?"

"సగమెందుకు? రెండోది కదలనే లేదు. ఆరూ ఇదే జరిగింది. ఎత్తు ఎనిమిది. బరువు ఎనిమిది భాగాలు, తోపుడు ఆరు భాగాలు. అరవై."

కిటికీ మొలకున్న ఉండలు మెల్లగా ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. అరుంధతి చేటను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"నీకు బుర్ర లేక కాదురా. నేనున్ననని వాడలె నువ్వు. ఇంకో నాలుగు చేస్తే సోమవారం నువ్వు ఎవనికీ భయపడే పని లేదు. తిను పో."

"అక్కా."

"ఇంకేంది?"

"ఏం లేదు. ఇంత కాలం ఎందుకు చేసినవ్ నా లెక్కలు? వద్దంటే అయిపోతుండె గదా."

"నీ కోసం చేసిననుకున్నవా? మంగళవారం పోస్టు వస్తది. సోమవారం నుంచే గేటు దిక్కు సూస్తుంటి. ఈ ఇంట్ల నా చేతికి ఒక లెక్క దొరికేది నీ కవరు వస్తేనే. అందుకు చేసిన. నువ్వు పంపకపోతే ఎట్లనని భయపడ్డ గూడ."

"నువ్వు గిట్ల మాట్లాడకు."

"నిజం చెప్తే నొస్తదా? సరే గానీ, ఒకటి చెప్పు. గంట కొట్టేదాక నిలబడ్డవ్. గంట కొట్టినంక ఆయన అడగలేదా, మరి ఈ లెక్క ఎవరు చేసిన్రని?"

"అడిగిండు."

"ఏమని చెప్పినవ్?"

"ఏం చెప్తం. ఏదో చెప్పిన. ఆకలైతుంది, అమ్మను అన్నం పెట్టుమను."

"జగదీశ్."

"అందరి ముంగట అడిగిండు అక్కా. ఎనభై మంది. ఎట్ల చెప్పాలె?"

"ఏమని చెప్పినవ్?"

"మా అన్న చేసిండని చెప్పిన."

"నీకు అన్న ఎక్కడున్నడు?"

"లేడు."

"లేని అన్నకు పేరు గూడ పెట్టినవా?"

"అడిగిండు. నోట్లకు వచ్చిన పేరు చెప్పిన."

"ఏం పేరు?"

"భాస్కర్."

"భాస్కర్."

"అక్క చేసిందంటే నవ్వుతరు. ఆడపిల్ల తోటి చేయించుకుంటవా అని ఏండ్లేండ్లు నవ్వుతరు. నీకు తెల్వదు ఆ క్లాసు."

"అన్న అంటే నవ్వలేదా?"

"నవ్వలె."

"ఏం చేసిన్రు?"

"ఎందుకిప్పుడు అదంత?"

"ఏం చేసిన్రు అంటున్న."

"లెక్చరర్ చప్పట్లు కొట్టిండు. ఆయనను సూసి అందరూ కొట్టిన్రు."

"ఎవనికి?"

"భాస్కర్‌కు."

"ఆరు నెలలు. చలిల, వానల, అమ్మ పండుకున్నంక పొయ్యి వెలుగుల. నీ సబకంత, నీ లెక్కలన్నీ నేనే చేసిన. కింద నువ్వు నీ పేరు పెట్టుకున్నవ్, సరే అనుకున్న. దొరికిపోయినప్పుడన్న, నెత్తి మీదికి వచ్చినప్పుడన్న, నా పేరు నోట్లకు రాలేదా నీకు? అబద్ధంల గూడ నేను లేనా?"

"తప్పయింది."

"తప్పయిందంటే సరిపోతదా? నన్ను మొగోన్ని చేసి చప్పట్లు కొట్టించినవ్. లేనోనికి ఉన్న మర్యాద ఉన్నదానికి లేకపాయె."

"తప్పయిందన్న గదా. కొట్టు, కావాలంటే."

"కొడితే నాకేమొస్తది? ఆగు. మరి సోమవారం మూడు లెక్కలు ఎందుకు? నువ్వు చెయ్యలేదని ఒప్పుకున్నవ్ గదా. ఒప్పుకున్నోన్ని మళ్ల పరీక్ష ఏం చేస్తడు?"

"ఈ గ్లాసు కందిలికి పెట్టి వస్త."

"నా దిక్కు సూడు. సోమవారం నిన్నెందుకు రమ్మన్నడు?"

"నన్ను రమ్మనలె."

"మరి?"

"నా పేరు తీసేస్తననలె. ఇగ మీదికెల్లి నీదే నువ్వు చెయ్యి అన్నడు, గంతే. మీ అన్నను పంపు అన్నడు. సోమవారం పది గంటలకు. గిట్లాంటి తలకాయ ఇంట్ల కూసుంటే ఎట్ల, ప్రైవేటుగ ఇంటర్మీడియట్ పరీక్ష రాయిస్త, నేనే సంతకం పెడ్త అన్నడు. సోమవారమే ఆఖరు దినమట."

"రాయిస్త అన్నడా?"

"ఫారం గూడ ఇచ్చిండు. నా జేబులున్నది. పైన భాస్కర్ రెడ్డి అని ఆయనే రాసిండు."

"గురువారం ఇచ్చిండు. ఇయ్యాల శనివారం. వచ్చినకాడికెల్లి నా మీద అరుస్తున్నవ్, నాతోటి లెక్క నేర్చుకున్నవ్. ఫారం నీ జేబులనే ఉన్నది."

"చెప్దామనే అనుకున్న."

"ఎప్పుడు? మంగళవారమా?"

"అన్న బొంబాయి పోయిండు, నౌకరి దొరికింది అని చెప్దామనుకున్న. చెప్పి, నేనే మూడు లెక్కలు చేసి సూపిద్దామనుకున్న. నేను ఉత్తోన్ని కాదని ఆయనకు తెలవాలె గదా."

"నన్ను బొంబాయి పంపిద్దామనుకున్నవ్."

"అరవై వచ్చేదాక గట్లనే అనుకున్న. అది నేనే చేసిన్నని ఎవరన్న అనాలనిపించింది, అప్పుడు నీ సంగతి తెలిసింది. ఆ లెక్క నువ్వు నాకు ఇయ్యకపోతే బొంబాయికే పంపుదును. ఇగో ఫారం. తీసుకో. చింపుకుంటవో, నా మొఖాన కొడ్తవో."

"చింపటానికి నేను నీ అంత పిచ్చిదాన్ని గాను. నాయన మిర్యాలగూడ నుంచి ఎప్పుడొస్తడు?"

"మంగళవారం అని అమ్మ అన్నది."

"పట్నం బస్సు రేపు ఎన్నిటికి?"

"పొద్దున ఏడింటికి ఒకటి. ఎందుకు? అక్కా, వద్దు. నాయనకు తెలిస్తే నన్ను నిన్ను ఇద్దరినీ కోస్తడు."

"తెలువకుండ పోతననలె. అమ్మకు చెప్పి పోత. నాయన వచ్చినంక నాయనకు నేనే చెప్త. నువ్వు తలకాయ ఎత్తే పని లేదు, పళ్లెంలనే పెట్టుకో."

"నేను వస్త. నువ్వు ఒక్కదానివి ఎట్ల పోతవ్? కానీ ఆడ పిల్లగాండ్లు ఊకోరు. ఆడమనిషి కాలేజీ వరండాల నడుస్తుంటే ఎట్ల సూస్తరో నీకు తెల్వదు. నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వుడు ఖతం అయినంక సుద్దముక్క అడుగుత."

"ఆయన అర్ర బయట చప్రాసీ ఉంటడు. ఊకెనే లోపలికి పోనియ్యడు. ఎవరొచ్చిన్రని అడుగుతడు. నేనేం చెప్పాలె?"

"భాస్కర్ వచ్చిందని చెప్పు."